బోరుకొచ్చిన మారుతి 800: పాతిక వేలలో ఇంజన్ పని, రోజువారీ డైరీ

బండి 1998 మోడల్ మారుతి 800, కార్బురేటర్‌ది. ఇంజన్ ఎఫ్8బి: మూడు సిలిండర్లు, 796 సీసీ, బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 68.5 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 72 మి.మీ. ఇనప బ్లాకు, అల్యూమినియం హెడ్డు, ఆరు వాల్వులు, వాటిని తెరిచేందుకు బెల్టుతో తిరిగే ఒకే క్యామ్‌షాఫ్టు. మీటరు 1,42,000 కి.మీ. చూపిస్తోంది. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కితే వెనక నీలం పొగ. ఆయిల్ దాదాపు 600 కిలోమీటర్లకు లీటరు తాగుతోంది. పని చేసేది విజయవాడ ఆటోనగర్ పక్కన ఒక షెడ్డులో. విప్పడం, బిగించడం చేతి పని. లేత్ పని మాత్రం బయట. మొత్తం పరిమితి 25,000 రూపాయలు.

పాత ఇంజన్ కొని వేసేస్తే పోదా అని ఎవరైనా అడుగుతారు. ఆటోనగర్‌లో దొరుకుతుంది, ఇంతకంటే తక్కువకే వస్తుంది. కానీ ఇంజన్ నంబరు ఉండేది బ్లాకు మీద. బ్లాకు మారితే ఆర్‌సీలో నంబరు మార్పించుకోవాలి. 15 ఏళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది, అక్కడ ఛాసిస్ నంబరుతో పాటు ఇంజన్ నంబరూ చూస్తారు. పైగా కొన్న ఇంజన్ లోపల ఏముందో విప్పితేనే గాని తెలియదు. విప్పక తప్పనప్పుడు మనదే విప్పుకోవడం నయం.

1వ రోజు: విప్పకముందు

నీలం పొగ వస్తే పిస్టన్ చుట్టూ ఉండే రింగులే పోయాయని ఖాయం చేయకూడదు. వాల్వు సీళ్లు గట్టిపడినా అదే పొగ వస్తుంది, దానికి ఇంజన్ దింపక్కర్లేదు. అందుకని ముందు కంప్రెషన్ చూశాం. ఇంజన్ వేడెక్కాక మూడు ప్లగ్గులూ తీసి, కాయిల్ వైరు ఊడదీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి ఒక్కో సిలిండర్‌కు ఐదారు చుట్లు సెల్ఫ్ కొట్టాలి. బ్యాటరీ నీరసంగా ఉంటే రీడింగ్ తప్పుతుంది. త్రాటిల్ మూసి ఉంటే ఇంకా తప్పుతుంది, ఎందుకంటే లోపలికి వెళ్లే గాలే తక్కువ.

వచ్చిన లెక్క: 1వ సిలిండర్ 9.5, 2వది 6, 3వది 8 (చదరపు సెంటీమీటర్‌కు కిలోల్లో). బాగున్న ఇంజన్‌లో ఇది 12 దాటాలి, సిలిండర్లకు మధ్య తేడా ఒకటి మించకూడదు. తర్వాత ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూశాం. 1వది 11.5కు, 2వది 9కి లేచాయి: రింగుల సందుని ఆయిల్ కాసేపు మూసింది కాబట్టి అక్కడ బోరు, రింగులు పోయాయి. 3వది 8 దగ్గరే ఆగిపోయింది. ఆయిల్ పోసినా లేవలేదంటే గాలి పోయేది పైనుంచి, అంటే వాల్వు. ఒక్క చెంచాడు ఆయిల్‌తో కింద పని ఎంత, పైన పని ఎంత అన్నది తేలిపోయింది. ఆయిల్ ఫిల్లర్ మూత తీస్తే గాలి దడదడా కొడుతోంది, అదీ బోరుదే.

2వ రోజు: దింపడం

ఈ ఇంజన్ అడ్డంగా ఉంటుంది, తేలిక. చైన్ పుల్లీ రెండు రోజుల అద్దె 500. బ్యాటరీ, రేడియేటర్, కార్బురేటర్, సైలెన్సర్ పైపు, డ్రైవ్ షాఫ్టులు, మౌంటింగులు... ఇందులో కొత్తగా చెప్పేదేమీ లేదు. రెండే మాటలు. వాక్యూమ్ పైపులు ఊడదీసే ముందు ప్రతి దానికీ రెండు చివర్లా ఒకే నంబరు రాసిన టేపు చుట్టండి, ఫొటోలు తీశాం కదా అని వదిలేయకండి. నల్ల పైపులన్నీ ఫొటోలో ఒకేలా ఉంటాయి. రెండోది, బోల్టులు ఏ భాగానివి ఆ కవర్లో వేయాలి. వాటర్ పంపు బోల్టులు, ముందు కవర్ బోల్టులు చూపుకి ఒకటే, పొడవు వేరు. పొడుగుది పొట్టి రంధ్రంలో బిగిస్తే అడుగు తగిలి, బిగిసినట్టే అనిపిస్తుంది గాని కవర్‌ని పట్టదు.

4వ రోజు: విప్పడం

హెడ్డు బోల్టులు ఎనిమిది. ఇంజన్ పూర్తిగా చల్లారాక, బయటి వాటి నుంచి లోపలికి, మూడు విడతల్లో వదులు చేశాం. వేడి మీద విప్పితే అల్యూమినియం హెడ్డు వంగుతుంది.

కాన్‌రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌షాఫ్టుకి కలిపే రాడ్డు) క్యాపులు తీసే ముందు ప్రతి రాడ్డుకీ దాని క్యాపుకీ ఒకే వైపున సెంటర్ పంచ్‌తో చుక్కలు పెట్టాం: ఒకటి, రెండు, మూడు. క్యాపు, రాడ్డు కలిపే బోరు కొట్టి తయారుచేస్తారు. ఒకదాని క్యాపు ఇంకోదానికి వేసినా, అటుది ఇటు తిప్పి వేసినా బేరింగ్ గుండ్రంగా ఉండదు. క్రాంక్‌ని బ్లాకుకి పట్టి ఉంచే మెయిన్ క్యాపులు నాలుగింటికీ ఇదే లెక్క. పిస్టన్ మీది బాణం క్రాంక్ పుల్లీ వైపు చూస్తోంది. బిగించేటప్పుడూ అటే చూడాలి.

కనబడినవి: 2వ పిస్టన్ ఆయిల్ రింగు కార్బన్‌తో గాడిలో అతుక్కుపోయింది, వేలితో తిప్పినా కదలదు. 3వ ఎగ్జాస్ట్ వాల్వు అంచు ఒక చోట కాలి చిన్న సొట్ట పడింది. ఆ వాల్వుకి టాపెట్ గ్యాప్ (వాల్వు కొనకీ, దాన్ని నొక్కే రాకర్ ఆర్మ్‌కీ మధ్య సందు) లేనే లేదు. గ్యాప్ లేకపోతే వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు. వాల్వు తన వేడిని ఎక్కువగా వదిలించుకునేది సీటులోకే, అది తగలనప్పుడు అంచు కాలిపోతుంది. టాపెట్ శబ్దం వస్తోందని గ్యాప్ బిగించేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. శబ్దం చేసే టాపెట్ ఏళ్ల తరబడి నడుస్తుంది, శబ్దం చేయనిది వాల్వుని తినేస్తుంది.

ఆయిల్ సంప్‌లో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) గ్రీజులాంటి నల్ల మడ్డి, అందులో ఎర్రటి సిలికాన్ ముక్కలు. స్ట్రైనర్ జల్లెడలో మూడో వంతు ఆ ముక్కలతోనే మూసుకుపోయింది. వెనకటి పనిలో ఎవరో సంప్‌కి ప్యాకింగ్ బదులు సిలికాన్ పేస్టు దట్టంగా పూశారు. బయటికి పొంగింది తుడిచారు, లోపలికి పొంగింది ఇక్కడ చేరింది.

5వ రోజు: కొలతలు, ఒక తప్పు

బోర్ గేజ్ బోరింగ్ షాపుదే, అక్కడే కూర్చుని కొలిచాం. ఒక్కో సిలిండర్‌లో మూడు ఎత్తులు (పై రింగు తిరిగే చోటు, మధ్య, అడుగు), ఒక్కో ఎత్తులో రెండు దిక్కులు: క్రాంక్ పొడవు వెంట, దానికి అడ్డంగా. అడుగున అరగని చోట మూడూ 68.51. పైన అడ్డంగా 1వది 68.60, 2వది 68.64, 3వది 68.59. అదే ఎత్తులో పొడవు వెంట 2వది 68.55 మాత్రమే. అంటే బోరు పైన వెడల్పు, కింద ఇరుకు; పైన కూడా గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా ఉంది. తేడా 0.10 మి.మీ. దాటితే బోరు కొట్టాల్సిందే. కొత్త రింగులు వేసి నెట్టుకొచ్చే దారి మూసుకుపోయింది.

ఇక్కడ తొందరపడ్డాం. అరుగుదల 0.13, పది సైజు పిస్టన్ 0.25 పెద్దది, సరిపోతుందిగా అని లెక్కేసి పది సైజు కిట్టు కొనేశాం. ఇంచీలో వెయ్యో వంతుల లెక్కన 0.25 మి.మీ.ని షాపులో "పది" అంటారు, 0.50ని "ఇరవై" అంటారు. బోరింగ్ మేస్త్రి గేజి తిప్పి చూసి, "రెండోది పదికి క్లీన్ అవదండీ, మచ్చ మిగులుతుంది" అన్నారు. ఆయన మాటే నిజం. 0.25 అనేది వ్యాసంలో పెరుగుదల. బోరు నడిమి గీత కదలకుండా కొడితే ఒక్కో గోడ నుంచి పోయేది సుమారు 0.12 మాత్రమే. 2వ సిలిండర్‌లో అరుగుదల రెండు గోడలా సమానంగా లేదు, పవర్ స్ట్రోకులో పిస్టన్ ఒత్తుకునే ఒక్క గోడ వైపే దాదాపు మొత్తం ఉంది. 0.13 లోతు గుంత 0.12 కోతకు పూర్తిగా పోదు. గుంత మిగిలిన చోట రింగు తగలదు, ఆయిల్ అక్కడి నుంచే పైకొస్తుంది.

నడిమి గీతను కాస్త జరిపి పదికే సరిపెట్టే షాపులు ఉన్నాయి. మరీ మామూలుగా జరిగేది ఏమిటంటే, కావాలని జరపకపోయినా అరిగిన పై అంచుని ఆధారం చేసుకుని బోరింగ్ బార్ సెంటర్ చేస్తే గీత దానంతటదే జరిగిపోతుంది. సెంటర్ అడుగున అరగని చోట నుంచి తీసుకోవాలి, షాపులో ఈ మాట అడిగి మరీ చెప్పించుకోవాలి.

ఇరవై సైజుకే వెళ్లాం. దీని తర్వాత ఈ బ్లాకుకి స్లీవులే (బోరులో దింపే కొత్త గొట్టాలు) గతి. పది సైజు కిట్టు సీలు విప్పలేదు గనుక 200 మినహాయించుకుని మార్చి ఇచ్చారు. ఇరవై సైజు కిట్టు, రింగులూ పిన్నులతో, 4,200.

బోరు 69 మి.మీ. అయితే ఇంజన్ 796 సీసీ నుంచి 808 సీసీకి చేరుతుంది. తొక్కితే తెలిసేంత తేడా కాదు.

8వ రోజు: బోరింగ్, హోనింగ్

పిస్టన్లు ముందు, బోరు తర్వాత. పెట్టె మీద ఇరవై అని ఉన్నా మూడు పిస్టన్లూ మైక్రోమీటర్‌లో ఒకే అంకె చూపించవు. పిన్నుకి అడ్డంగా, స్కర్టు (పిస్టన్ కింది భాగం) దగ్గర కొలిస్తే ఇవి 68.960, 68.955, 68.965 వచ్చాయి. ఏ పిస్టన్ ఏ సిలిండర్‌కో నంబరు వేసి, ఒక్కోదానికి 0.04 సందు ఉండేలా బోరు చేయించాం. సందు తక్కువైతే వేడికి పిస్టన్ ఉబ్బి పట్టేస్తుంది, ఎక్కువైతే పొద్దున్నే స్టార్ట్ చేయగానే టకటక కొడుతుంది.

బోరింగ్ టూలు చివరి సైజుదాకా వెళ్లకూడదు. 0.04 దాకా హోనింగ్‌కి (రాయితో చేసే చివరి కోత) వదలాలి, ఎందుకంటే టూలు గీసిన గీతల కింద లోహం చిరిగినట్టు ఉంటుంది, రాయితో ఆ పొర పోవాలి. హోనింగ్ గీతలు ఒకదాన్నొకటి ఏటవాలుగా కోసుకుంటూ పోవాలి. ఆ గాళ్లలో నిలిచే ఆయిలే రింగులకు ఆధారం. అద్దంలా మెరిసే బోరు చూసి మురిసిపోయేవాళ్లున్నారు, అందులో రింగులు కుదురుకోవు.

బోరింగ్, హోనింగ్ సిలిండర్‌కి 450 చొప్పున 1,350. బ్లాకు వాషింగ్, తుప్పు పట్టిన కోర్ ప్లగ్గులు (బ్లాకు నీటి దారుల రంధ్రాలు మూసే బిళ్లలు) మార్చడం 300. రేడియేటర్‌లో బోరుబావి నీళ్లు పోసిన బండ్లలో ఈ ప్లగ్గులు లోపలి నుంచి తినేసి ఉంటాయి. వెనక వైపువి ఇంజన్ బండిలో ఉండగా చేతికి అందవు, కాబట్టి ఇప్పుడే.

బ్లాకు ఇంటికొచ్చాక అసలు కడుగుడు. డీజిల్‌తో కడిగితే జిడ్డు పోతుంది గాని హోనింగ్ రాతి పొడి గాళ్లలోనే ఉంటుంది. వేణ్ణీళ్లు, బట్టల సబ్బు పొడి, గట్టి బ్రష్షు. ఆరిన తర్వాత తెల్లబట్టకి కాస్త ఆయిల్ తడిపి బోరులో తుడవాలి. బట్ట బూడిద రంగు తేలితే మళ్లీ కడగాలి. మాకు నాలుగోసారికి బట్ట తెల్లగా వచ్చింది. వెంటనే ఆయిల్ పూసేయాలి. విజయవాడ గాలికి తడి ఇనుము గంటలోనే ఎర్రబడుతుంది.

9వ రోజు: క్రాంక్

మెయిన్ జర్నళ్లు (క్రాంక్ బ్లాకు బేరింగుల్లో తిరిగే చోట్లు) బాగున్నాయి, వంకర 0.01 లోపే. కాన్‌రాడ్లు పట్టుకునే పిన్నులు మూడూ 0.03 దాకా కోడిగుడ్డయ్యాయి. "మొత్తం పదికి కొట్టేద్దాం" అన్నారు షాపులో. అక్కర్లేదు. పిన్నులు మూడూ పదికి (ఇక్కడ 0.25 తగ్గించి) గ్రైండింగ్, మెయిన్లు ఊరికే పాలిష్, వాటికి స్టాండర్డ్ బేరింగులు. బాగున్న చోట లోహం కోస్తే రేపు వచ్చే పనికి మిగిలేది తక్కువ. ఖర్చు 1,100.

తీసుకునేటప్పుడు రెండు చోట్ల చూడాలి. పిన్ను, పక్క చెంప కలిసే మూల గుండ్రంగా ఉండాలి. పదునుగా కోసేస్తే క్రాంక్ ఏదో ఒకనాడు అక్కడే పగులుతుంది. ఆయిల్ రంధ్రాల అంచు కాస్త చెక్కి నున్నగా ఉండాలి, లేకపోతే కొత్త బేరింగుని గీరుతుంది. ఆ తర్వాత రంధ్రాల్లో సన్న బ్రష్షు, గాలి. గ్రైండింగ్ పొడి ఆ దారుల్లోనే దాక్కుని, మొదటి ఐదు నిమిషాల్లో బేరింగులన్నీ గీసేస్తుంది.

11వ రోజు: హెడ్డు

స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని బద్ద), ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్న రేకులు) చూస్తే 2, 3 సిలిండర్ల మధ్య 0.08 వంపు. పరిమితి 0.05. ఫేసింగ్ (ముఖం చదునుగా కోయడం) చేయించాం, వంపు పోయేంత వరకే. ఎగ్జాస్ట్ గైడ్లు (వాల్వు కాడ జారే గొట్టాలు) వదులయ్యాయి, వాల్వు ఆడుతోంది, మూడూ మార్చాం. ఇన్‌టేక్ గైడ్లు బాగున్నాయి, వదిలేశాం. ఎగ్జాస్ట్ వాల్వులు మూడూ కొత్తవి, 600. సీటు కటింగ్ 45 డిగ్రీలు, సీటు వెడల్పు 1.3 నుంచి 1.5 మి.మీ. మధ్య. వెడల్పు ఎక్కువైతే కార్బన్ చిక్కుకుంటుంది, మరీ సన్నమైతే వేడి దిగదు. షాపు పని మొత్తం 1,600.

గ్రైండింగ్ పేస్టుతో చివరి రుద్దుడు చేత్తోనే. తర్వాత వాల్వులు, స్ప్రింగులు వేసి, హెడ్డు పక్కకి తిప్పి, పోర్టుల్లో పెట్రోలు పోసి పది నిమిషాలు వదిలేశాం. 1వ ఇన్‌టేక్ దగ్గర సన్నగా చెమ్మ దిగింది. దాన్ని మళ్లీ రుద్దాక ఆగింది. ఈ పరీక్షకి రూపాయి ఖర్చు లేదు, ఎందుకో చాలామంది చేయరు.

రాకర్ ఆర్మ్‌లు తిప్పి చూడండి. వాల్వు కొనకి తగిలే చోట గుంత పడి ఉంటే ఫీలర్ గేజ్ ఆ గుంత మీద వంతెనలా నిలబడుతుంది. మీరు 0.15 పెట్టాననుకుంటారు, అసలు గ్యాప్ 0.25 ఉంటుంది, శబ్దం ఎంత సెట్ చేసినా పోదు. మా వాటిలో రెండింటికి అలా ఉంది. ఆయిల్ రాయి మీద గుంత మాయమయ్యేంత వరకు, వంపు చెడకుండా రుద్దాం.

13వ రోజు: కింది భాగం బిగింపు

ముందు రింగు గ్యాప్, అంటే రింగు రెండు కొసల మధ్య సందు. రింగుని బోరులో పెట్టి, పిస్టన్ తలతో నిటారుగా కిందికి తోసి, ఫీలర్ గేజ్‌తో చూడాలి. 0.20 నుంచి 0.30 మధ్య ఉండాలని పెట్టుకున్నాం. 1వ సిలిండర్ పై రింగు 0.12 వచ్చింది. కొత్త కిట్టు కదా అని అలాగే వేస్తే వేడికి రెండు కొసలూ ఢీకొని, రింగు విరుగుతుంది లేదా బోరుని గీస్తుంది. సన్న ఆకురాయితో ఒక్క కొసనే, బయటి నుంచి లోపలికి, 0.22 దాకా రాశాం. గుర్తు ఉన్న ముఖం పైకి. మూడు రింగుల కొసలు ఒకే వరుసలో పడకుండా 120 డిగ్రీల తేడాతో.

బేరింగుల్లో సందు చూడడానికి ప్లాస్టిగేజ్ వాడాం, 250 పెట్టి తెప్పించాం. జర్నల్ మీద సన్న మైనపు దారం పెట్టి, క్యాపు పూర్తి టార్కుకి (బిగింపు బలం) బిగించి, విప్పి, నలిగిన వెడల్పుని కవరు మీది గీతలతో పోల్చాలి. బిగించి ఉండగా క్రాంక్ తిప్పితే దారం చెరిగిపోతుంది. మెయిన్లు 0.035 నుంచి 0.04, కాన్‌రాడ్లు 0.04. బాగున్నాయి. 0.08 దాటితే ఆయిల్ ప్రెజర్ నిలబడదు.

టార్కులు: మెయిన్ క్యాపులు 4.3 నుంచి 4.8 కేజీ-మీటర్, కాన్‌రాడ్ నట్లు 2.8 నుంచి 3.2. ఒక్కో క్యాపు బిగించాక క్రాంక్ చేత్తో తిప్పాలి. ఏ క్యాపు తర్వాత బిగుసుకుందో అప్పుడే తెలుస్తుంది. అన్నీ బిగించాక తెలిస్తే మళ్లీ మొదటికి రావాలి. క్రాంక్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్ట్ ముక్కల గాడి ఉన్న ముఖం క్రాంక్ చెంప వైపు ఉండాలి. ముందుకీ వెనక్కీ ఆట 0.18, పరిమితి 0.35.

ఆయిల్ పంపు విప్పి చూశాం, రోటర్లు బాగున్నాయి, మార్చలేదు. లోపల వాజిలీన్ కూరి మూశాం. పంపు ఖాళీగా ఉంటే మొదట్లో ఆయిల్ పీల్చుకోదు. వాజిలీన్ ఆ సందు మూసి, తర్వాత ఆయిల్‌లో కరిగిపోతుంది. గ్రీజు పెట్టకండి, అది అంత తేలిగ్గా కరగదు. వెనక ఆయిల్ సీలు, క్లచ్ రిలీజ్ బేరింగు, క్లచ్ ప్లేటు కూడా ఇప్పుడే మార్చాం. ప్లేటు ఇంకో పదివేల కిలోమీటర్లు నడిచేదే, కానీ ఆ 1,100 మిగుల్చుకోవడానికి గేర్‌బాక్సు మళ్లీ దింపాలి.

14వ రోజు: హెడ్డు, టైమింగ్

బ్లాకులో హెడ్డు బోల్టుల రంధ్రాల అడుగున నీళ్లు గాని ఆయిల్ గాని ఉంటే గాలితో ఊదేయాలి. ద్రవం నలగదు; బోల్టు దిగుతుంటే రంధ్రం అడుగే పగులుతుంది. మధ్య బోల్టుల నుంచి బయటికి, 2, తర్వాత 4, చివరికి 5.5 నుంచి 6 కేజీ-మీటర్. గాస్కెట్‌కి ఏ పేస్టూ పూయలేదు.

టైమింగ్ బెల్టు, టెన్షనర్ కలిపి 1,150. క్యామ్ పుల్లీ గుర్తు, క్రాంక్ గుర్తు కలిపి, బెల్టు వేసి, టెన్షనర్ స్ప్రింగు తనంతట తాను లాగేలా వదిలి, క్రాంక్‌ని తిరిగే దిశలోనే రెండు చుట్లు చేత్తో తిప్పాలి. తర్వాతే టెన్షనర్ బోల్టు బిగింపు. వేలితో లాగి బిగిస్తే బెల్టు దగ్గర ఏడుపు శబ్దం వస్తుంది. రెండు చుట్ల తర్వాత గుర్తులు ఒక పన్ను పక్కకి పోయాయి. వేసేటప్పుడు బెల్టుకి వదులు తప్పు వైపు మిగిలింది. తీసి మళ్లీ వేశాం.

డిస్ట్రిబ్యూటర్ గేర్ కేసులో కాస్త ఇంజన్ ఆయిల్ పోయాలి. మొదటి స్టార్టులో ఆ గేరుకి ఆయిల్ చేరేలోపు పొడిగా తిరగకూడదు. ఫైరింగ్ ఆర్డర్ 1-3-2. ఇంజన్ చల్లగా ఉండగా టాపెట్లు అన్నీ 0.15.

15వ రోజు: స్టార్ట్ కాలేదు, కానివ్వలేదు

ఆయిల్ పోసి, ప్లగ్గులు తీసేసి, కాయిల్ వైరు ఊడదీసి సెల్ఫ్ కొట్టాం. ఆయిల్ లైటు ఆరాలి. పది సెకన్లు, ఆపు, మళ్లీ పది. ఎనిమిది సార్లయినా లైటు ఆరలేదు. ఆ లైటుకి ఉండే ఆయిల్ ప్రెజర్ స్విచ్చి తీసి చూస్తే అక్కడికి ఆయిలే రాలేదు.

ప్లగ్గులు పెట్టి స్టార్ట్ చేస్తే వస్తుందిలే అన్న మాట ఒకటి వచ్చింది. అలా చేసి ఉంటే కొత్త బేరింగులు ఆ రోజే పోయేవి. సంప్ దింపాం. స్ట్రైనర్ పైపు బ్లాకులోకి దిగే చోట ఓ-రింగు లేదు. అది గాస్కెట్ సెట్టు కవర్లోనే, కాగితం మడతలో ఇరుక్కుని ఉంది. ఆ రింగు లేకపోతే పంపు ఆయిల్ బదులు గాలి పీలుస్తుంది. కొత్త సంప్ ప్యాకింగ్ 80 రూపాయలు, మూడు గంటలు. ఈసారి మూడో కొట్టుడుకే లైటు ఆరింది.

16వ రోజు: స్టార్ట్

రెండో సెల్ఫ్‌కే అందుకుంది. పావుగంట తెల్ల పొగ, అది పూసిన ఆయిల్ కాలడమే. ఐడిల్‌లో వదిలేయకుండా 1,500, 2,000 ఆర్‌పీఎం మధ్య మారుస్తూ ఇరవై నిమిషాలు నడిపాం. వేడెక్కాక 3,000 దగ్గర ఆయిల్ ప్రెజర్ 3.2.

థర్మోస్టాట్ కొత్తది వేశాం, 250. ఈ ఎండలకి థర్మోస్టాట్ దేనికి అని తీసి పారేయడం మన దగ్గర ఆచారం. అది లేకపోతే ఇంజన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. అంతసేపూ చోక్ మీద చిక్కటి పెట్రోలు బోరు గోడల ఆయిల్‌ని కడిగేస్తుంది. ఈ బండిలోనూ పాతది లేదు. ఇంజన్ ఓవర్‌హీట్ అయితే చూడాల్సింది రేడియేటర్, ఫ్యాను స్విచ్చి. రేడియేటర్ విప్పి రాడ్డు కొట్టించాం, 600.

డిస్ట్రిబ్యూటర్ కేసు దగ్గర ఆయిల్ చెమ్మ. ఓ-రింగు మార్చాక పోయింది.

రన్నింగ్ ఇన్: 500 కి.మీ.

60 దాటలేదు, ఒకే వేగంలో ఎక్కువసేపు పోలేదు. రింగులు కుదురుకోవాలంటే లోడు కావాలి; మూడో గేరులో 30 నుంచి 50కి కాస్త గట్టిగా తొక్కడం, వదిలేయడం, ఇలా పదేసి సార్లు. మరీ సుతారంగా నడిపితే గోడలు మెరుగెక్కి, రింగులు కూర్చోకముందే పని అయిపోతుంది.

500 దగ్గర ఆయిల్, ఫిల్టర్ మార్పు. పాత ఆయిల్‌లో సన్నటి వెండి మెరుపు ఉంది, రింగులు కుదురుకునేటప్పుడు ఇది మామూలే. రాగి రంగు రేకులు కనబడితే బేరింగు పోతున్నట్టు, అవి లేవు. టాపెట్లు మళ్లీ చూస్తే రెండు ఎగ్జాస్ట్‌లు 0.10కి తగ్గాయి, కొత్త సీట్లలో వాల్వులు కూర్చున్నాయి. 0.15కి తెచ్చాం.

1,000 కి.మీ.

కంప్రెషన్: 12.6, 12.4, 12.5. డిప్‌స్టిక్ మీద ఆయిల్ 500 నుంచి ఇప్పటిదాకా గీత మందాన తగ్గింది. పొద్దున్నే మొదటి స్టార్టుకి పొగ లేదు. ఫిల్లర్ మూత తీస్తే గాలి కొట్టడం లేదు.

ఖర్చు: బోరింగ్, క్రాంక్, హెడ్డు షాపు పనులు 4,350. భాగాలు, ఆయిళ్లు, రేడియేటర్ పని, పది సైజు కిట్టు మార్చిన 200తో సహా 16,900. చైన్ పుల్లీ 500. మొత్తం 21,750. మిగిలిన 3,250లో కార్బురేటర్ కిట్టు వస్తుంది. ఐడిల్ ఇంకా కుదురుగా లేదు. త్రాటిల్ షాఫ్టు పక్కన పెట్రోలు చుక్క వేస్తే ఇంజన్ చప్పుడు మారుతోంది, అక్కడి నుంచి గాలి పీలుస్తోంది. వచ్చే వారం అది విప్పాలి.